గవరయ్య పాత దారి

ఒక పెరట్లో చీమలన్నిటికీ పుట్ట నుంచి గాదె దాకా ఒకటే దారి ఉండేది. ఎదురొచ్చిన ప్రతి చీమనూ మీసం తాకించి పలకరించాలి. ఆ మర్యాద మనుషుల్లో తగ్గిపోయింది, అది వేరే కథ. రద్దీలో పలకరింపులకే పొద్దు గడిచిపోయేది. నిన్నటి తోపులాటలో ముసలి చీమ గవరయ్య మోస్తున్న బియ్యపు నూక జారిపోయి, పిల్లలు పస్తు పడుకున్నారు.

ఇవాళ గోడ వారగా కొత్త దారి తెరిచారు.

"రా బాబాయ్, దాదాపు అందరూ ఇటే పోతున్నారు," అంది పక్క కన్నంలోని మంగ.

"ఊరికే దారి వేసేవాళ్లెవరే? ఆ చివర బల్లి నోరు తెరుచుకుని ఉంటుంది."

"పొద్దుటి నుంచి రెండుసార్లు వెళ్లొచ్చాను."

"అప్పటికి దానికి ఆకలి వేసి ఉండదు."

మంగ నవ్వుకుంటూ పోయింది. గవరయ్య గోడవైపు అనుమానంగా చూస్తూ పాత దారే పట్టాడు. ఎదురొచ్చింది నలుగురే. కాలు తొక్కినవాడు లేడు. మిగతావాళ్లంతా బల్లి పొట్టలో ఉన్నారేమోనని జాలిపడ్డాడు కూడా. ఎండ ముదరకముందే నూక ఇల్లు చేరింది, పిల్లలు కడుపునిండా తిన్నారు.

సాయంత్రం మంగ నిక్షేపంగా తిరిగొచ్చింది. గవరయ్య దాన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"పాత దారి ఎంత ఖాళీగా ఉందో చూశావుటే? ఇంత దారి పెట్టుకుని ఇంకోటి ఎందుకు వేశారంటావు? ఇందులో ఏదో ఉంది."