పక్కింటికి వినబడిన సాజ్

టర్కీలోని సివాస్ కొండల్లో మంచు దారులు మూసేసి వారమైంది. భర్త దుర్సున్‌ను మట్టిచేసిన రోజే గుల్‌జార్ అతని సాజ్ వాద్యం తీగలన్నీ వదులు చేసి గోడకు తగిలించింది. ఇక ఆ ఇంట్లో వాయించేవాళ్లు లేరు.

ఆ రాత్రి పక్కింటి సాకినె గోడవతల నుంచి కేకేసింది.

"వదినా, చుట్టాలొచ్చారా? ఎంత బాగా వాయిస్తున్నారో!"

"ఎవరూ రాలేదే. నీ చెవులకేదో అయింది."

పొయ్యిలో కట్టెల చిటపటలు తప్ప గుల్‌జార్‌కు ఏమీ వినబడలేదు. అయినా లేచి వెళ్లి, ఒక తీగ మీటింది. శ్రుతి సరిగ్గా ఉంది. సాజ్ మెడ మీద, చెయ్యి పట్టుకునే చోట, చెక్క వెచ్చగా తగిలింది.

భయం కన్నా ముందు ఆమెకు ఏడుపొచ్చింది.

"ఏమయ్యా, పక్కింటిదానికి వినిపించి నాకు వినిపించవేం?"

గోడవతల సాకినె గొంతు చిన్నబోయింది.

"అయ్యో, ఆపేశారేం వదినా?"