కారిగ్ దీవి పెట్టెలో ఒక్క ఓటు

కోల్మన్ సాల్మన్ చేపల వలలను నాశనం చేసింది యూరప్ కూటమి. అందులో వాదనకు తావు లేదు. వేట నిషేధించారు, వలలు కొట్టంలో ఎలుకలకు పరుపులయ్యాయి. కాబట్టి ఆ జూన్‌లో ఐర్లండ్ ఓటర్లు యూరప్‌కి ఇంకా అధికారాలిచ్చే లిస్బన్ ఒప్పందాన్ని వద్దన్నప్పుడు అతను సంతోషించాల్సింది. ఫెస్టీ సంతోషించనివ్వలేదు.

ఓట్లు లెక్కించే చోట కంచె ఇవతల నిలబడి, అవతల విప్పుతున్న ప్రతి చీటీకీ పెన్సిల్‌తో గీత గీసుకోవడం ఫెస్టీకి నలభై ఏళ్ళ అలవాటు. ఏ ఊరి పెట్టె ఎటు మొగ్గిందో అతనికి తెలియనిది లేదు. శనివారం మధ్యాహ్నం సబీనా పబ్బులో ఆ కాగితం పరిచాడు.

"మన దీవి పెట్టెలో ముప్పై ఒక్క చీటీలు. ముప్పై వద్దన్నాయి. ఒకటి సరేనంది. ఎవడు వాడు?"

"గెలిచాం కదరా! ఇంకా ఆ ఒక్క చీటీతో నీకేం పని?" కోల్మన్ విసుక్కున్నాడు.

"డబ్లిన్‌లో అప్పుడే మళ్ళీ ఓటు పెట్టిస్తామంటున్నారు. దొంగ మనలోనే ఉంటే ఎలా? అదీగాక, వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా ముప్పై మందే తేలుతున్నారు."

"నిన్ను నువ్వు మరిచిపోయుంటావులే," అంది సబీనా గ్లాసు తుడుస్తూ. అందరూ నవ్వారు.

"పోనీ, ఎన్నికల అధికారిని అడుగు," అన్నాడు మూల కూర్చున్న బార్ట్లీ.

"వాడేం చెబుతాడు? పడవ కుదుపుకి వాంతులు పట్టుకుని, దిగింది మొదలు బకెట్టులోంచి తలెత్తలేదు. ఓటరు కార్డు మీద నంబరు చూడడం, చీటీ చింపివ్వడం. మొహాలు చూస్తేగా!" ఫెస్టీ ఇటు తిరిగాడు. "నీకేమైనా కనబడిందా కోల్మన్? పొద్దున్నే ఓటేసి, సాయంత్రం మళ్ళీ ఓట్లు వేసే బడి దగ్గర తచ్చాడావుగా."

"టోపీ మరిచిపోయాను."

ఫెస్టీ చూపు బార్ట్లీ మీదికి మళ్ళింది. "యూరప్ డబ్బుతో కట్టిన కొత్త రేవు ఎవరి ఇంటి ముందు లేచిందో అందరికీ తెలుసు."

"మా అమ్మ మీద ఒట్టు, నేను వద్దనే వేశాను!"

"రేపట్నుంచి నీ పడవ నువ్వే మోసుకో, బార్ట్లీ."

పడవను ఒడ్డుకు మోయాలంటే ముగ్గురు కావాలి. బార్ట్లీకి డెబ్బై ఏళ్ళు. సగం తాగిన గ్లాసు వదిలేసి టోపీ అందుకున్నాడు. ముప్పై ఐదేళ్ళు కోల్మన్‌తో ఒకే పడవలో తెడ్డు వేసిన మనిషి.

"కూర్చోరా," అన్నాడు కోల్మన్. "వాడు కాదు."

"నీకెలా తెలుసు?"

"వేసింది నేను గనక."

ఫెస్టీ పెన్సిల్ కింద పెట్టాడు. "వలలు పోయిన నువ్వా? మతి గాని పోయిందా?"

"రేపు వాడి పడవ మోయండి. నాది మోయకపోతే మానండి. ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు. చచ్చేదాకా నేనూ ఎత్తను."

తలుపు దభాలున వేసి వానలోకి నడిచాడు.

అతను అబద్ధమాడలేదు. ఆ గుర్తు పెట్టిన చెయ్యి అతనిదే. ఓటు మాత్రం భార్య డీలియాది. నలభై నాలుగేళ్ళ కాపురంలో యూరప్ మీద ఎప్పుడు ఓటు పెట్టినా అతను వద్దనడం, ఆమె సరేననడం. "నీ ఓటుకి నా ఓటు చెల్లు, నా ఓటుకి నీ ఓటు చెల్లు. ఈ వానలో వెళ్ళడం దేనికయ్యా?" అంటూనే ముందు గొడుగు తీసేది ఆమె. ఈసారి బడి దాకా రాలేకపోయింది. ఆమె అడ్డుపడకుండా తన మాట నెగ్గితే అది నెగ్గడమే కాదనిపించింది అతనికి. ఓటు రోజు సాయంత్రం ఆమె ఓటరు కార్డు జేబులో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు.

ఇప్పుడు పబ్బు నుంచి ఇంటికొచ్చి, గడియారం వెనక ఉన్న రెండు కార్డులూ పొయ్యిలో వేశాడు.

డీలియా పోయి అప్పటికి నాలుగు నెలలు.