నా నంబరు వచ్చేదాకా

అది ద్వీపమే అయ్యుండాలి, ఉత్త చెమ్మ మరకైతే దానికి రేవు ఎందుకుంటుంది?

బోర్డులు రాసే ఆవిడ భృతి ఆఫీసు పైకప్పుకేసి చూస్తూ ఆ రేవులో ఒక పడవని కట్టేసింది. దానికి నీలం రంగు వేసింది. పక్కన పేరు రాయబోతుంటే...

"ముప్పై ఆరు వచ్చింది. మీది కాదు."

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. చెవులమీద రొద తగ్గించే దళసరి హెడ్‌ఫోన్లు, ఒళ్లో ఫైలు. చూపు మాత్రం గోడమీద వెలిగే ఎర్ర అంకెల మీదే.

"నా నంబరు మీకెలా తెలుసు బాబాయిగారూ?"

"నలభై మూడు. ఇందాక ఆ చీటీతోనే పడవ చేయబోయారు."

చూసుకుంది. చీటీ నిజంగానే సగం పడవయింది.

ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీకి భృతి ఇమ్మని ఆమె అర్జీ పెట్టుకోవడం ఇది మూడోసారి. మొదటి అర్జీని బస్సులో మరిచిపోయింది. రెండోసారి నంబరు పిలుస్తుంటే కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ ఉండిపోయింది. మూడు పిలుపులకు లేవకపోతే ఫైలు మూసేస్తారు. మళ్లీ ఏడాది దాకా తెరవరు.

ఈలోగా నాలుగు దుకాణాలవాళ్లు పని మాన్పించారు. అందరి బోర్డుల్లోనూ ఒక్కో అక్షరం తగ్గిందట.

ఇవాళ కూడా పోతే గది ఖాళీ చేసి అక్క ఇంట్లో చేరాలి. అక్క ఏమీ అనదు. భయమంతా అదే.

"అయితే నా నంబరు వచ్చేదాకా మీరిక్కణ్ణుంచి కదలకండేం!" అంది వేళాకోళంగా.

"కదలను," అన్నాడాయన. నవ్వలేదు.

"మీరు దేనికోసం వచ్చారు?"

"ఆటిజం. యాభై ఎనిమిదో ఏట దాని పేరు తెలిసింది."

"అప్పటిదాకా ఏమనేవారు?"

"మొండిఘటం."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆయన కాసేపు ఆలోచించి, తనూ నవ్వాలనుకున్నట్టు పెదవులు కదిపాడు.

"ముప్పై ఎనిమిది. మీది కాదు."

"ఊఁ."

"ముప్పై తొమ్మిది. మీది కాదు."

"నాకూ కళ్లున్నాయండీ!"

"ఉన్నాయి. పైకప్పు మీద ఉన్నాయి."

ఈసారి ఒళ్లు మండింది. ఈయనెవరు మధ్యలో? మొహం తిప్పేసుకుంది. తిప్పిన వైపూ పైకప్పే ఉంది. పడవ కట్టు విప్పుకుని మెల్లగా జరిగిపోతోంది. తెడ్డు అందుకుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

ఎక్కడో ఒడ్డున బంట్రోతు అరుస్తున్నాడు.

"నలభై రెండు!"

తెడ్డు వేసింది.

"నలభై రెండు!... ఎవరండీ బాబూ? నలభై రెండూ!"

"ఎవరో నన్ను మించిన పరధ్యానం మనిషి," అంది పడవలోంచే, జాలిగా.

పెద్దాయన ఆ అరుపుకి కాబోలు, కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ఫైలు అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

పడవ ద్వీపం చుట్టూ తిరిగింది. ఇంకో చుట్టు తిరగబోతుంటే మోచేతికి ఏదో తగిలింది. ఆయన ఫైలు.

"నలభై మూడు. మీదే. రెండోసారి పిలుస్తున్నారు. లేవండి."

లేచి పరుగెత్తింది.

లోపల డాక్టరమ్మ అడిగినవన్నీ చెప్పింది. అడగని పడవ సంగతీ చెప్పింది.

"అర్జీ మీద సంతకం పెట్టడం మరిచిపోయారు."

"అదే కదండీ నా బాధ!"

డాక్టరమ్మ నవ్వి, సంతకం పెట్టించుకుని, ముద్ర కొట్టింది.

ఇవతలికి వచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. బంట్రోతు తలుపుమీద ఒక కాగితం అంటిస్తున్నాడు. 'పిలిచినా రానివారు'. కింద ఒకే ఒక్క నంబరు.

"ఇక్కడ కూర్చున్న బాబాయిగారు ఏరండీ?"

"మీరు లోపలికెళ్లగానే చీటీ పట్టుకొచ్చాడమ్మా. నీ పిలుపులు మూడూ అయిపోయాయి, ఫైలు మూసేశారు పొమ్మన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. వింత మనిషి! బోర్డుకేసి చూస్తూనే ఉన్నావుగా, ఎందుకు లేవలేదయ్యా అంటే..."

"అంటే?"

"కదలనని చెప్పానండీ అన్నాడు."

ఆమె బంట్రోతు జేబులోని పెన్ను లాక్కుని, కాగితంమీద 'రానివారు' కొట్టేసి, నలభై రెండు పక్కన, దుకాణం బోర్డుమీద రాసేటంత పెద్ద అక్షరాలతో, ఒక్కటీ వదలకుండా 'వచ్చారు' అని రాసి, కింద సాక్షి సంతకం పెట్టింది.