నలభై పొయ్యిల నూకరత్నం

ఊళ్లో ప్రతి పొయ్యీ రోజూ వెలిగితేనే, గ్యాస్ పైపులైను వేసిన కంపెనీకి సర్కారు ప్రోత్సాహకం అందుతుంది. జనమంతా వలసపోయిన ఆ లంక ఊళ్లో మిగిలింది నూకరత్నం ఒక్కతే. కంపెనీ ఆమెను రోజూ పొయ్యిలు వెలిగించే పనిలో పెట్టుకుని, నలభై ఇళ్ల తాళాలగుత్తి చేతికిచ్చింది. మంట ఊరికే పోతుందని ఒకరింట్లో అన్నం, ఇంకొకరింట్లో పులుసు వండుకుని, ఆ ఇంటివాళ్ల ఫొటోలతో కబుర్లు చెబుతూ తినేది. తనింట్లో మాత్రం పొయ్యి జోలికే పోయేది కాదు.

ఓ సాయంత్రం ఆమె ఇంటి గ్యాస్ మీటరు పలికింది. "ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని గుర్తించాం. రేపటినుంచి పొయ్యి వెలిగించడానికి మనిషి వస్తుంది."

"నేనున్నాను కదండీ బాబూ!" అంది నూకరత్నం.

వచ్చేది తనేనని ఆమెకు తెలుసు. అయినా వాకిలి ఊడ్చి, రెండు టీ గ్లాసులు తోమి బోర్లించింది.