బాడీకి పడనోళ్లు

ఫోను మీద పడ్డ థర్మల్ కరెంటు ప్లాంటు బూడిదను లుంగీకి తుడిచి, తిప్పన్న వీడియో మళ్లీ పెట్టాడు.

అందులో తెల్లకోటు ఆయన చెబుతున్నాడు. కరోనా సూది వేస్తే ఒంట్లో యాంటీబాడీలు పుడతాయట.

"విన్నవా అక్కా? ఆయన నోటితోనే ఒప్పుకున్నడు."

యంకమ్మ చీపురు పక్కన పడేసి కూర్చుంది. ఆమెకు షుగరు. కరోనా వస్తే తట్టుకోలేదు, ముందు సూది వేయించుకోమని డాక్టరు కసిరి మరీ చెప్పాడు.

సూదుల బండి బడి దగ్గర ఆగి ఉంది. మొగుడు జగన్నాథ్ చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"ఒప్పుకునేదేందిరా బామ్మర్దీ? యాంటీబాడీ అంటే మంచిదే."

"యాంటీ మంచిదెట్లయితది బావా? పంచాయతీ ఎలక్షన్ల యాంటీ పార్టీ అంటే ఎవరు? మన పార్టీకి పడనోళ్లు. మరి యాంటీబాడీ అంటే? బాడీకి పడనోళ్లు!"

యంకమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. ఎలక్షన్లయినకాడి నుంచి యాంటీ వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టని మనిషి.

"నీ తలకాయ్! అది రోగానికి యాంటీరా."

"అట్లయితే యాంటీరోగం అని పెడ్తుండ్రి."

జగన్నాథ్ పళ్లు నూరాడు. అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టిన బుర్రను గోకి గోకి ఒక మాట తీశాడు.

"దోమతెర అంటే ఏందిరా, దోమలు పండుకోనీకె కట్టిందా?"

"మా ఇంట్ల దోమలన్ని తెర లోపల్నే పండుకుంటయి బావా."

యంకమ్మ పకపకా నవ్వింది. అక్కడే పని చెడింది.

"సరేనే యంకమ్మా, ముందు నేనేయించుకుంట. నాకేం కాకుంటే వస్తవా?"

"నీ ఇష్టం. నా ఒంట్లకైతే యాంటీని రానియ్య."

జగన్నాథ్ వెళ్లాడు. సూది వేయించుకున్నాడు. జబ్బ రుద్దుకుంటూ ఒక్క ఉరుకున వచ్చాడు.

"చూడు, గుండ్రాయి లెక్కున్న. నడువు, బండి పోతది."

యంకమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"దూరం, దూరం! ఇప్పుడు నీ ఒంట్ల అవే ఉన్నయి కదా. ఆడ్నే తిను."

జొన్నరొట్టె, పప్పు ఉన్న పళ్లెం అరుగు మీదికి నెట్టింది.

బడి వైపు నుంచి బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

జగన్నాథ్ రొట్టె తుంచాడు. తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడే బయటి నుంచి తిప్పన్న దగ్గుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ అతన్ని దాటుకుని లోపలికి పోయాడు.

యంకమ్మ కొంచెం జరిగి, చాప మీద తన పక్కనే చోటిచ్చింది.