సాంబ్రాణి పట్టిన గ్లైడర్

భార్యగారి సాంబ్రాణి డబ్బాను దొంగిలించిన రోజున యోగానంద్ పూర్తిస్థాయి నేరస్థుడయ్యాడు. అంతకుముందు వరకూ ఉత్త అబద్ధాలకోరు మాత్రమే.

ఆ అబద్ధం పాతదే. కెనడాలో కాల్గరీ దాటాక పొలాల మధ్య ఉన్న గ్లైడింగ్ క్లబ్బులో చేరిన కొత్తలో, ఇంట్లో చెప్పకుండా ఒక సెకండ్ హ్యాండ్ గ్లైడర్ కొనేశాడు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. గాలి మోసినంతసేపు ఎగురుతుంది, మోయకపోతే బుద్ధిగా దిగి కూర్చుంటుంది. ఎగరని రోజుల్లో రెక్కలు ఊడదీసి, పొడవాటి ట్రెయిలర్‌లో సర్ది క్లబ్బులోనే ఉంచుతారు. కాబట్టి భార్య బాలత్రిపురసుందరి కంటపడే ప్రమాదం లేదు.

"ఇది క్లబ్బు వాళ్ళది సుందరీ. మెంబర్లం వాడుకోవచ్చు," అన్నాడు. ఆ మహాతల్లి నమ్మేసింది.

నమ్మకేం చేస్తుంది? కిచెన్ బాగుచేయిద్దామన్నప్పుడల్లా డబ్బుల్లేవని చేతులు తిప్పే మనిషి విమానం కొన్నాడని ఎవరనుకుంటారు? వంటింట్లో కప్‌బోర్డ్ తలుపు ఊడి కాలిమీద పడుతోంది. పాపం, ఆవిడ ఫార్మసీలో ఓవర్‌టైమ్ చేసి కొత్త కిచెన్ కోసం పైసా పైసా కూడబెడుతోంది.

ఇక్కడ అయ్యగారికేమో పాత గ్లైడర్ మొహం మొత్తింది. నేర్చుకునేటప్పుడు తను ఎన్ని తప్పులు చేసినా ఓర్చుకున్న మంచి గ్లైడరే అది. చేయి తిరిగాక ఎద్దుబండిలా అనిపించసాగింది. సరిగ్గా అప్పుడే క్లబ్బులో సీనియర్ ఇమ్మాన్యుయేల్ అంకుల్, మోకాళ్ళ నొప్పులతో ఎగరడం మానేసి, తన గ్లైడర్‌ను అమ్మకానికి పెట్టారు. పొడుగాటి సన్నని రెక్కలు, అద్దంలాంటి ఒళ్ళు! దాన్ని చూసినప్పటి నుంచీ యోగానంద్‌కు ముద్ద దిగడం లేదు.

పాతది అమ్మితేగానీ అది రాదు. పాతది అమ్ముదామంటే, చలికాలమంతా ట్రెయిలర్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. పురుళ్ళు పోసుకుని, రెక్కల లోపల కూడా తడిపి మరీ పోయాయి. తలుపు తీస్తే కంపు గుప్పుమంటోంది. కడిగాడు, తుడిచాడు, సెంటు కొట్టాడు. లాభం లేకపోయింది. చివరికి సుందరి శుక్రవారం పూజకు దాచుకున్న సాంబ్రాణి డబ్బా ఎత్తుకొచ్చి, తలుపులు మూసి మధ్యాహ్నమంతా పొగ వేశాడు. కంపు అణిగింది. గ్లైడరుకు పుణ్యక్షేత్రం వాసన వచ్చింది.

ఇక ఇంట్లో ఒక పని మిగిలింది. రేపు వేరే గ్లైడర్‌లో కూర్చున్న ఫోటో సుందరి చూస్తే? అందుకని ముందే కథ అల్లేశాడు.

"క్లబ్బు వాళ్ళు ఆ గ్లైడర్ అమ్మేస్తున్నారట సుందరీ. వేరేది తెస్తారట," అన్నాడు, అన్నం కెలుకుతూ.

"అయ్యో! అదంటే మీకు ప్రాణం కదండీ!"

"ఏం చేస్తాం? మన చేతుల్లో ఏముంది?"

అంతటితో ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. నటన పూనింది మహానుభావుడికి. గోంగూర పప్పు మారు వడ్డించుకోలేదు. ఫోన్‌లో గ్లైడర్ ఫోటో చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. సుందరి తలుపు చాటునుంచి చూసి తనూ ముక్కు చీదుకుంటే, ఆహా, ఎంత బాగా చేస్తున్నానో అని లోలోపల మురిసిపోయాడు.

ఆ వారంలోనే, పాతది అమ్మిపెట్టే పని నెత్తినేసుకున్న ఇమ్మాన్యుయేల్ అంకుల్ నుంచి ఫోన్.

"నీ పాతదానికి బేరం వచ్చిందబ్బాయ్. కొనేవాళ్ళు పేరు చెప్పొద్దన్నారు. గ్లైడర్ గురించి ఓనమాలు కూడా తెలీవు. కష్టపడి దాచుకున్న డబ్బు. ఏదైనా లోపముంటే ఇప్పుడే చెప్పెయ్."

"లోపమా? బంగారమంకుల్! ఓనమాలు తెలీవంటున్నారుగా, రేటు ఇంకాస్త పెంచండి."

"పాపం తగుల్తుంది నాయనా."

"డిమాండ్ అంకుల్, డిమాండ్!"

"సరే. ఆ డబ్బు నేరుగా నా గ్లైడర్ కింద జమ చేసుకుంటా. తర్వాత వద్దంటే వెనక్కి తీసుకోను. అసలు ఇది నీదేనని ఇంట్లో చెప్పావా?"

"ఆవిడకెందుకంకుల్ ఇవన్నీ!"

అటువైపు అంకుల్‌కు ఉన్నట్టుండి పెద్ద దగ్గు వచ్చి, ఫోన్ పెట్టేశారు. ఆ దగ్గు అచ్చం నవ్వులా ఉందని యోగానంద్‌కు అనిపించింది గానీ, పట్టించుకునే తీరిక ఎక్కడిది? సాయంత్రానికల్లా సన్న రెక్కల గ్లైడర్ అతనిదైపోయింది. ఏ అమాయకుడో ఎలుకల కంపును నెత్తికెత్తుకున్నాడని తలుచుకుని కారులో ఒక్కడే పడీపడీ నవ్వాడు.

శనివారం అతని పుట్టినరోజు. పొద్దున్నే సుందరి చున్నీతో అతని కళ్ళకు గంతలు కట్టింది.

"ఏంటే ఇది, చిన్నపిల్లల్లాగా!"

"మాట్లాడకుండా రండి. మెట్టుంది, జాగ్రత్త!"

చేయి పట్టుకుని ఇంటి ముందుకు నడిపించింది. బార్బెక్యూ పొయ్యి కొనుంటుందిలే అనుకుంటూ నడిచాడు. అంతలో కొండలవైపు నుంచి వెచ్చటి గాలి వీచింది. దాంతోపాటు సాంబ్రాణి వాసన తగిలింది.

ఇవాళ శుక్రవారం కాదు. అసలు ఇంట్లో సాంబ్రాణి డబ్బాయే లేదు. యోగానంద్ కాళ్ళు ఆగిపోయాయి. సాంబ్రాణి అడుగున, సన్నగా, ఎలుకల కంపు.

"సుందరీ..." అన్నాడు.

"అప్పుడే ఏడవకండి, ఇంకా చూడందే!" సుందరి సంబరంగా గంతల ముడి విప్పింది. "ఇక బెంగ పెట్టుకోకండి, ఎవడో రేటు పెంచినా వెనక్కి తగ్గకుండా, కిచెన్ డబ్బులన్నీ పోసి మీ క్లబ్బు వాళ్ళ గ్లైడర్ మీకే కొనేశానండీ!"