ఐదోవాడు

ఇప్పుడు చంటిపిల్లల చేతికీ ఒంటి సత్తువ కొలిచే పట్టీ ఉంటోంది. అది ఎర్రబడిందంటే ఒళ్లు ఇక ఓపలేదని అర్థం. జనం ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోతారు. అలాంటి జనం మీద నాకు గౌరవం లేదు.

మా కాలేజీ కుర్రాళ్లు మాత్రం వేరుశనగ చేల గట్ల మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తుతారు. ఐదుగురు గీత దాటితేనే జట్టు లెక్కలోకి వస్తుంది. ఈ ఏడాది ప్రతి పోటీలోనూ ఐదోవాడు ఓబులేసు పట్టీ ఎర్రబడింది, నియమం ప్రకారం దారిలో జెండా పట్టినవాళ్లు ఆపేశారు. ఇది ఆఖరి పోటీ. చివరి మలుపులో జెండా నా చేతిలో ఉంది.

నలుగురు దాటిపోయారు. ఓబులేసు ఎర్రపట్టీతో వచ్చాడు. జెండా అడ్డం పెట్టాను.

"ఆగు నాయనా. పట్టీ చూస్కో."

వాడు నిలబడ్డచోటే కాళ్లాడిస్తూ నా చెయ్యి చూశాడు.

"నీదీ ఎర్రగానే ఉండాది కదా పెద్దాయనా. ఎప్పట్నుంచి?"

"మా ఆమె పోయినప్పట్నుంచి. మూడేండ్లు."

"మరి పొద్దున్నుంచీ ఎండలో నిలబడుకోని ఉండావే. నిన్నెవరాపినారు?"

జెండా దించాను.

సాయంత్రం ఫలితాల బోర్డు మీద మా కాలేజీ పేరు మొదటిసారి కనిపించింది, అన్నిటికన్నా కింద. పోటీ పెట్టినవాళ్లు నా జెండా తీసేసుకున్నారు. తీసుకోనీ.